గుడ్లగూబల దారిలో నాలుగు రోజులు

లండన్‌లో అమ్మాయి దగ్గర రెండు నెలలుండి పాలమూరు తిరిగొచ్చి పది రోజులైంది. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా రాణి కోట చూసినవా, పెద్ద గడియారం చూసినవా అని అడుగుతున్నారు. చూశాను. వాటి గురించి రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను రాయాలనుకున్నది ఇంగ్లండ్ ఆగ్నేయ మూలన, సముద్రాన్ని ఆనుకుని ఉన్న రోమ్నీ మార్ష్ అనే చిత్తడి నేల గురించి.

అక్కడికే ఎందుకంటే, మాది కురుమ ఇల్లు. తాత గొర్లు కాశాడు. నాయనమ్మ రాట్నం మీద ఉన్ని వడికేది. నేసిన గొంగడికి చింతగింజల గంజి పట్టించిన రోజు ఇంట్లో వచ్చే వాసన నాకింకా ముక్కులోనే ఉంది. నేను మాత్రం నాలుగు అక్షరాలు నేర్చి వాణిజ్య పన్నుల శాఖలో చేరాను. సర్వీసులో ఏడేళ్ళు సరిహద్దు చెక్‌పోస్టుల్లోనే గడిచింది. గొర్రె బొచ్చూ, దొంగ రవాణా, దాన్ని పట్టుకోలేక తంటాలుపడ్డ సర్కారు నౌకర్లూ ఒకేచోట ఉన్నారని తెలిశాక ఊరుకుంటానా? మా అల్లుడు స్కాట్లండ్ అన్నాడు. నేను రోమ్నీ మార్ష్ అన్నాను. "అక్కడేముంది మామయ్యా, గొర్రెలు తప్ప" అన్నాడు. అందుకేగా.

జూన్ 7, శనివారం: వెస్ట్‌మినిస్టర్

బయల్దేరే ముందు లండన్‌లోనే ఒక వస్తువు చూడాలని పట్టుబట్టాను. పార్లమెంటు లోపలికి టికెట్టు ఒక్కొక్కరికి ముప్పై పౌండ్ల పైమాటే. పౌండును నూటపదిహేనుతో గుణించడం ఆ రెండు నెలల్లో మానుకోలేకపోయాను. మా ఆవిడ "లెక్క జేసుకుంట నడిస్తే కాళ్ళు నొస్తయి, ఊకో" అంది.

నేను చూడాలనుకున్నది పెద్దల సభలోని ఉన్ని దిండు. 'వుల్‌సాక్' అంటారు. ఆ బంగారు నగిషీల మధ్య చేతులూ వీపూ ఏమీ లేని ఎర్రటి పరుపులాంటి పీట ఒకటి ఉంటుంది. సభాధ్యక్షుడు దాని మీదే కూర్చుంటాడు. 14వ శతాబ్దంలో మూడో ఎడ్వర్డ్ రాజు నాటి ఏర్పాటు అది. దేశం సొమ్మంతా ఉన్ని మీదే వస్తోందని గుర్తుండాలని పెట్టించారట. ఆ మాట నిజమే. 1275లో మొదటి ఎడ్వర్డ్ విదేశాలకు పోయే ప్రతి ఉన్ని బస్తా మీద ఆరు షిల్లింగుల ఎనిమిది పెన్నీల సుంకం వేశాడు. బస్తా అంటే 364 పౌండ్ల బరువు, మన లెక్కన 165 కిలోలు. ఆ దేశపు కస్టమ్స్ శాఖకు పునాది ఆ పన్నే. సుంకం పుట్టిన రోజే దాన్ని ఎగ్గొట్టే దారీ పుట్టి ఉంటుంది. అది మాత్రం ఏ రికార్డులోనూ ఎక్కదు.

గైడు చెప్పిన సంగతుల్లో నాకు బాగా నచ్చింది వేరే ఉంది. 1938లో ఆ దిండును బాగుచేయడానికి విప్పితే లోపల ఉన్ని లేదు, గుర్రపు వెంట్రుకలున్నాయి! ఎప్పుడో ఎవరో మార్చేశారు. ఆ తర్వాత కామన్‌వెల్త్ దేశాల నుంచి ఉన్ని తెప్పించి నింపారు. సరుకు ఒకటి, బిల్లు మీద రాసింది ఇంకొకటి. మా చెక్‌పోస్టులో దీన్ని 'మిస్ డిక్లరేషన్' అని రాసేవాళ్ళం. అది పార్లమెంటు నడిమధ్యలోనే బయటపడిందంటే నాకెందుకో తృప్తి కలిగింది.

ఫోటో తీయనివ్వలేదు. బెంచీల మీద కూర్చోనివ్వలేదు. మా ఆవిడ మాత్రం దిండును తేరిపార చూసి, "మా అమ్మగారింట్ల అటకమీద ఇసొంటి పరుపే ఉండె" అంది.

జూన్ 8, ఆదివారం: రై

రై అనేది గుట్ట మీద చిన్న ఊరు. ఒకప్పుడు సముద్రం గుట్ట కాళ్ళ దగ్గరికి వచ్చేదట, ఇప్పుడు మూడు కిలోమీటర్లు వెనక్కిపోయింది. వీధుల్లో గుండ్రాళ్ళు పరిచారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు నా మాట: మెర్మెయిడ్ వీధిని కిందినుంచి ఎక్కకండి, పైనుంచి దిగండి. మేము ఎక్కాం. మా ఆవిడ సగంలో ఒక ఇంటి గడప మీద కూలబడితే, ఆ ఇంటావిడ తలుపు తీసింది. కసురుకుంటుందేమో అనుకున్నాం. ఆవిడే "సారీ" అంది! మనం ఆమె గడప మీద కూర్చుంటే ఆమె మనకు క్షమాపణ చెబుతుంది. ఇక్కడివాళ్ళు ఆ మాటను ఊతపదంలా వాడతారు. తర్వాత గ్లాసుతో నీళ్ళు కూడా తెచ్చిచ్చింది.

ఆ వీధిలోనే మెర్మెయిడ్ సత్రం. 1377లో ఫ్రెంచివాళ్ళు ఊరు తగలబెట్టి పోయాక, 1420లో మళ్ళీ కట్టారు. 1740ల ప్రాంతంలో హాక్‌హర్స్ట్ అనే స్మగ్లర్ల ముఠావాళ్ళు ఇక్కడ కూర్చుని, మందుగుండు నింపిన పిస్తోళ్ళు బల్ల మీద పెట్టుకుని తాగేవాళ్ళట. ఎదురుగా వచ్చి అడిగే మొనగాడు లేడు. ఇప్పుడు ఆ పేరు చెప్పుకునే వ్యాపారం చేస్తున్నారు. ఊళ్ళో ఏ దుకాణం చూసినా స్మగ్లర్ల బొమ్మ కప్పులు, స్మగ్లర్ల పేరున్న బిస్కట్లు, లాంతరు పట్టుకుని పీపా మోస్తున్న స్మగ్లర్ బొమ్మలు. వాళ్ళను పట్టుకోవడానికి రాత్రంతా గుర్రం మీద తిరిగిన ఆఫీసరు బొమ్మ ఎక్కడైనా దొరుకుతుందా అని మూడు దుకాణాల్లో అడిగాను. మూడో దుకాణంలో అమ్మాయి చాలాసేపు ఆలోచించి, "ఆయన్ని ఎవరు కొంటారు?" అంది. నిజాయితీగల జవాబు.

మధ్యాహ్నం భోజనానికి ఇంకో పబ్బులో కూర్చున్నాం. ఇరవై అయిదు నిమిషాలైనా ఎవరూ రాలేదు. మమ్మల్ని చూసి కావాలనే రావట్లేదేమోనని నాలో నేను ఉడికిపోతున్నాను. చివరికి పక్క బల్ల మీది పెద్దాయన నెమ్మదిగా వంగి, "ఇక్కడ కౌంటరు దగ్గరికి మనమే వెళ్ళి చెప్పుకోవాలండీ" అన్నాడు. అమ్మాయీ అల్లుడూ బండి పెట్టడానికి పోయారు మరి, చెప్పేవాళ్ళెవరు? ఆ తర్వాత ప్లేట్లు తెచ్చిన పడుచుపిల్ల నన్ను చూసి "ఆల్‌రైట్, మై లవ్?" అంది. మా ఆవిడ ఆ పిల్లనూ నన్నూ మార్చి మార్చి చూసింది. ఇక్కడ అందర్నీ అట్లాగే పిలుస్తారని కూతురొచ్చి చెప్పేదాకా నా పరిస్థితి బాగాలేదు.

తిన్నది ఆదివారం నాడు మాత్రమే వండే 'రోస్ట్'. గొర్రెపిల్ల మాంసం పలచటి ముక్కలు, కాల్చిన ఆలుగడ్డలు, గిన్నెలా పొంగిన పిండి వంటకం, దాని మీద గోధుమ రంగు పులుసు. మనిషికి ఇరవై రెండు పౌండ్లు. మాంసం ఈ చిత్తడి నేల గొర్రెలదే. మెత్తగా, కొవ్వు తక్కువగా, చాలా బాగుంది. పక్కన చిన్న గిన్నెలో ఆకుపచ్చగా పుదీనా, వెనిగరు, చక్కెర కలిపిన నీళ్ళు. "మటన్ల చక్కెరేంది?" అని మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి వెల్లిపాయ కారం తీసింది. నేను రెండూ కలుపుకుని తిన్నాను. చెప్పకూడదు గానీ, బాగుంది.

సాయంత్రం గుట్ట అంచున నిలబడితే తూర్పున మార్ష్ అంతా కనిపించింది. బల్లపరుపు పచ్చిక, దాని నిండా గీతలు గీసినట్టు కాలవలు, తెల్లటి చుక్కల్లా గొర్రెలు, అవతల సముద్రం. ఆ అవతల ఫ్రాన్సు. డోవర్ దగ్గర సముద్రం అడ్డం ముప్పై నాలుగు కిలోమీటర్లే. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల పోయి వచ్చినంత. చెక్‌పోస్టులో పనిచేసినవాడెవడైనా ఆ నేలను ఒక్కసారి చూస్తే చాలు. ఇక్కడ కాపలా కాయడం అయ్యే పని కాదు.

జూన్ 9, సోమవారం: మార్ష్ లోపల

పొద్దున్నే కారులో బయల్దేరాం. ఇక్కడి రోడ్లు పాత కాలవల వెంట పోతాయి. నేరుగా రెండు వందల గజాలు, తర్వాత ఉన్నట్టుండి లంబకోణంలో మలుపు. ఎదురుగా చర్చి కనిపిస్తూనే ఉంటుంది, చేరుకోలేం. అల్లుడి ఫోన్‌లోని మ్యాపు మమ్మల్ని ఫెయిర్‌ఫీల్డ్ చర్చికి తీసుకుపోతానని చెప్పి ఒక పొలం గేటు ముందు నిలబెట్టింది. వెనక ట్రాక్టరు. రివర్సు చేయడానికి జాగా లేదు. ట్రాక్టరులోని రైతు దిగివచ్చి తిడతాడనుకుంటే, గేటు తీసి "లోపలికి వచ్చి తిప్పుకోండి" అన్నాడు.

లోపల గొర్రెలకు బొచ్చు కత్తిరిస్తున్నారు. ఇంకేముంది, నన్ను కారులోంచి ఆపడం ఎవరి తరమూ కాలేదు.

మా తాత గొర్రెను పడుకోబెట్టి కాళ్ళు కట్టి, పెద్ద కత్తెరతో కిర్రు కిర్రుమని కత్తిరించేవాడు. నల్ల బొచ్చు, పొట్టిది, ముద్దలు ముద్దలుగా రాలేది. ఇక్కడ కత్తిరించే కుర్రాడు గొర్రెను పిర్రల మీద కూర్చోబెట్టి, వీపును తన కాళ్ళకు ఆనించుకున్నాడు. అంత పెద్ద జీవం బొమ్మలా ఊరుకుంది. కరెంటు కత్తెర పొట్ట దగ్గర మొదలై, కాలి మీదుగా, మెడ చుట్టూ తిరిగి వీపు వెంట పోయింది. రెండు నిమిషాల్లో బొచ్చంతా ఒకే దుప్పటిలా ఊడి వచ్చింది. దాన్ని ఎగరేసి బల్ల మీద పరిచారు. అడిగి చేయి పెట్టాను. లోపలి వైపు వెచ్చగా ఉంది, గొర్రె ఒంటి వేడి ఇంకా పోలేదు. ఒక పాయ లాగితే నా జానెడు పొడవొచ్చింది. చేతికి జిడ్డు అంటుకుంది. అదే వాసన! రంగు వేరు, పొడవు వేరు, దేశం వేరు, వాసన మాత్రం మా దొడ్డిదే.

వీటిని రోమ్నీ జాతి గొర్రెలంటారు. తడి నేలలో గిట్టలు కుళ్ళకుండా తట్టుకుంటాయి. ఇక్కడినుంచే న్యూజీలండ్‌కూ ఆస్ట్రేలియాకూ పోయాయి. ఒకప్పుడు ఈ చిత్తడిలో దోమలతో చలిజ్వరం విపరీతంగా ఉండేది. భూస్వాములూ పాదిరీలూ కూడా దూరంగా గట్టు ప్రాంతంలో కాపురముండి, గొర్రెలను 'లుకర్లు' అనే జీతగాళ్ళకు అప్పగించేవాళ్ళు. జనం తక్కువ, గొర్రెలు ఎక్కువ, చీకట్లో ఎటు పోతే ఏ కాలవో తెలిసింది ఆ జీతగాళ్ళకే. దొంగ రవాణాకు ఇంతకంటే ఏం కావాలి?

ఇక అసలు సంగతి. ఇంగ్లండ్ మొదట ఉన్ని మీద సుంకం వేసి ఊరుకుంది. తర్వాత బట్టల తయారీదార్లు ముడి ఉన్ని దేశం దాటకూడదని పట్టుబట్టారు. బయటికి పోకపోతే లోపల చౌకగా దొరుకుతుంది కదా. 1614లో రాజు నిషేధం ప్రకటించాడు, 1660లో చట్టమైంది, 1662లో ఉన్ని ఎగుమతికి మరణశిక్ష పెట్టారు. బతికున్న గొర్రెను దాటిస్తే ఏం చేయాలో ఎలిజబెత్ రాణి కాలంలోనే రాసిపెట్టారు: ఏడాది జైలు, ఆ తర్వాత సంత రోజున సంతలోనే ఎడమ చేయి నరికి అక్కడే మేకుతో కొట్టాలి. ఇంత చేసినా ఫలితం? ఫ్రాన్సులో నేతగాళ్ళకు ఈ పొడుగు ఉన్ని కావాలి, మంచి ధర ఇస్తారు. ఇక్కడ గొర్రెల కాపరికి ధర పడిపోయింది. మిగతా కథ నేను చెప్పక్కర్లేదు.

ఉరిశిక్ష పెట్టేసరికి ఇరుగుపొరుగు మీద ఫిర్యాదు చేసేవాడే లేకుండా పోయాడు. 1696లో పార్లమెంటే దాన్ని తీసేసింది. మా శాఖలోనూ చూశాను, జరిమానా వంద పర్సెంటు చేసినప్పటికంటే పాతిక ఉన్నప్పుడే వసూళ్ళు బాగుండేవి.

1698లో వచ్చిన చట్టం మాత్రం మా చెక్‌పోస్టు మనిషి రాసినట్టే ఉంటుంది. కెంట్, ససెక్స్ జిల్లాల్లో సముద్రానికి పది మైళ్ళలోపు ఉన్న గొర్రెల సొంతదారు, బొచ్చు కత్తిరించిన మూడు రోజుల్లో ఎన్ని ఉన్నులొచ్చాయో, ఎక్కడ నిల్వ చేశాడో రాసివ్వాలి. పదిహేను మైళ్ళలోపు ఉన్నవాడు ఉన్ని కొనాలంటే, ఆ హద్దు లోపల ఇంకెవరికీ అమ్మనని జామీను కట్టాలి. ఇవిగాక ఇంకా చాలా ఉండేవి. పెట్టెల్లో, పీపాల్లో ఉన్ని పెట్టకూడదు. తోలు సంచిలోనో గోనెలోనో కట్టి, పైన మూడంగుళాలకు తగ్గని అక్షరాలతో 'ఉన్ని' అని రాయాలి. తీరానికి అయిదు మైళ్ళలోపు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకానే మోసుకుపోవాలి. స్టాకు రిజిస్టరు, వేబిల్లు, బోర్డు, రాత్రి రవాణా నిషేధం. మూడు వందల ఏళ్ళ కిందటే అన్నీ కనిపెట్టేశారు. మేమేదో కొత్తగా చేస్తున్నామనుకున్నాం.

గొర్రెల రైతుతో సరదాకి అన్నాను: "నేను సుంకం ఆఫీసర్ని. ఈ రోజు కత్తిరించినవాటి లెక్క మూడు రోజుల్లో నాకు ఇవ్వాలి." అల్లుడు కంగారుపడ్డాడు. ఆ రైతుకు వెంటనే అర్థమైంది. "మా వాళ్ళెప్పుడూ ఇచ్చినట్టు లేదే" అని నవ్వి, తర్వాత నవ్వు ఆపి చెప్పాడు. ఇప్పుడీ ఉన్ని అమ్మితే కత్తిరించినవాడి కూలికి కూడా సరిపోదట. కత్తిరించకపోతే వేసవిలో ఈగలు వాలి ఒంటికి పురుగు పడుతుంది కాబట్టి కత్తిరిస్తారు. డబ్బంతా మాంసంలోనే. మా దగ్గర నల్ల గొర్రెలు తగ్గిపోయి, ఉన్నే లేని నెల్లూరు జాతి వచ్చి, కురుమ ఇళ్ళలో రాట్నాలు అటకెక్కిన సంగతి నేను చెప్పాను. ఇద్దరం కాసేపు ఆ బొచ్చు కుప్పను చూస్తూ నిలబడ్డాం.

ఫెయిర్‌ఫీల్డ్ చర్చి ఆ పొలానికి అవతలే ఉంది. ఊరు లేదు, దారి లేదు, గొర్రెల మేత మధ్యలో ఒంటరిగా ఇటుక కట్టడం. 1913లో గట్టు వేసేదాకా వానకాలంలో పడవలోనో గుర్రం మీదో వచ్చేవాళ్ళట. లోపల తెల్ల రంగు వేసిన చెక్క పెట్టెల్లాంటి కూర్చునే గదులు, మూడంతస్తుల ఉపన్యాస పీఠం. బయటికొస్తే గుమ్మం ముందు నాలుగు గొర్రెలు పడుకుని ఉన్నాయి, మేమే పక్కకు జరిగి వెళ్ళాం.

బ్రూక్‌లండ్ చర్చిలో మా ఆవిడ నాకంటే ముందు నడిచింది. అక్కడ జ్ఞానస్నానాల తొట్టి సీసంతో పోతపోసినది, 12వ శతాబ్దానిది. చుట్టూ రెండు వరుసల్లో చిన్న చిన్న బొమ్మలు. నాకు అక్షరాలు అంతుపట్టడం లేదు. ఆమె తొట్టి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఇగో సూడు, ఇది మేషం. ఇది వృషభం. ఈ తేలు వృశ్చికం. ధనుస్సు ఇగో" అని వేలు పెట్టి చూపింది. పై వరుస పన్నెండు రాశులు, కింద నెలనెలా రైతు చేసే పనులు! అక్కడున్న సమాచారం కాగితం చదివితే అదే రాసి ఉంది. ఆవిడకి కాగితం అవసరం రాలేదు. అదే చర్చిలో పంటలో పాదిరీకి రావలసిన పదోవంతు కొలిచే పాత తూనికలూ ఉన్నాయి. గంటల గోపురం మాత్రం చర్చి మీద లేదు. మూడు గొడుగులు ఒకదానిమీదొకటి బోర్లించినట్టు పక్కనే నేల మీద నిలబడి ఉంది.

స్నార్‌గేట్ చర్చిలో ఉత్తరపు గోడ మీద సుమారు 1500 నాటి పెద్ద ఓడ బొమ్మ ఎర్రమట్టి రంగులో ఉంది. లోపల ఓడ బొమ్మ ఉంటే అక్కడ దొంగసరుకు దాచొచ్చని గుర్తు అని ఒక కథ చెబుతారు. కథ సంగతెలా ఉన్నా, 1743లో సుంకం వాళ్ళు సోదా చేస్తే గంటల గూట్లో పొగాకు, పాదిరీ గది బల్ల కింద సారా దొరికాయి. పోయేటప్పుడు ఉన్ని, వచ్చేటప్పుడు బ్రాందీ, పొగాకు, తేయాకు, పట్టు. ఖాళీ బండి నడిపేవాడు వ్యాపారి కాదని మా చెక్‌పోస్టు దగ్గర లారీవాళ్ళు అంటుండేవాళ్ళు.

హుండీ పెట్టె పక్కన కార్డు తాకించే మిషను ఉంది. మూడు పౌండ్లు తాకించాం. రశీదు రాలేదు.

జూన్ 10, మంగళవారం: లిడ్, కేంబర్

ఉన్ని దొంగలను ఇక్కడ 'ఔలర్లు' అనేవాళ్ళు. గుడ్లగూబల్లా రాత్రిపూట తిరుగుతూ వాటి కూతతోనే ఒకరికొకరు సైగ చేసుకునేవాళ్ళు గనక ఆ పేరని కొందరు, 'వుల్లర్' అనే మాటే నోట్లో అరిగి అలా అయిందని కొందరు. పొద్దున గది యజమానురాలిని అడిగితే "గుడ్లగూబలే, ఇంకేంటి" అని తేల్చేసింది. ఆవిడ పెట్టిన టిఫిను గురించి ఒక మాట: టమాటా చిక్కుడుగింజలు, గుడ్లు, వేయించిన పుట్టగొడుగులు, రొట్టె. అన్నీ ఉన్నాయి, ఉప్పు తప్ప.

వాళ్ళను పట్టుకోవడానికి 1698 తర్వాత గుర్రపు ఆఫీసర్లను పెట్టారు. ఏడాదికి అరవై పౌండ్ల జీతం, నౌకరుకూ వాడి గుర్రానికీ ఇంకో ముప్పై. ఊళ్ళో బతకాలి, ఊరివాళ్ళనే పట్టుకోవాలి. పై అధికారి హెన్రీ బేకర్ 1703లో ఔలర్ల పని దాదాపు అయిపోయిందని పైకి నివేదిక పంపి, ఆ ముప్పై పౌండ్ల అలవెన్సు మిగుల్చుకోవచ్చనీ, బదులుగా అశ్వికదళం సిపాయిలకు రోజుకు రెండు పెన్నీలు అదనంగా ఇస్తే చాలనీ సలహా ఇచ్చాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, 'రాబిన్సన్ క్రూసో' రాసిన డానియల్ డీఫో ఈ దారిన పోతూ, ఆ సిపాయిలూ ఆఫీసర్లూ ఇంకా వేటగాళ్ళలా తీరమంతా జల్లెడపడుతున్నారని రాశాడు. రాత్రిళ్ళు ఔలర్లు గుంపులుగా మీదపడితే వీళ్ళు ఎదురుతిరగడానికి భయపడేవాళ్ళని కూడా రాశాడు. టార్గెట్ పూర్తయిందని ఒక నివేదిక, అలవెన్సు కట్, రోడ్డు మీది మనిషికి అదే చీకటి. నాకు ఆ ఆఫీసర్లు అక్కడికక్కడే బంధువులైపోయారు.

మా చెక్‌పోస్టులో ఒక రాత్రి సంగతి. ముగ్గురమే ఉన్నాం. బిల్లు లేని సరుకుతో జీరో మాల్ లారీ ఒకటి ఆపాం. పావుగంటలో నలభై మంది వచ్చారు. ఒక్కడూ చెయ్యి చేసుకోలేదు, ఊరికే చుట్టూ నిలబడ్డారు. వాళ్ళలో పొద్దున మాకు చాయ్ పోసినవాడూ ఉన్నాడు. నా తలకాయ దించుకుని గేటు ఎత్తాను. ఇది ఇంతవరకూ ఇంట్లో కూడా చెప్పలేదు.

అందుకే లిడ్ ఊరికి పోవాలనుకున్నాను. 1688 నాటి ముచ్చట. విలియం కార్టర్ అనే బట్టల వ్యాపారి ఉన్ని దొంగల మీద పగబట్టి వారంటు సంపాదించాడు. కొంతమంది మనుషులతో వచ్చి, గుర్రాల మీద ఉన్ని ఎక్కించి ఫ్రెంచి పడవలకు చేరేస్తున్న ఔలర్లను రోమ్నీలో పట్టుకున్నాడు. పట్టుకుని ఊరి మేయరు ముందు నిలబెట్టి జైల్లో పెట్టమన్నాడు. మేయరు భయపడి జామీను మీద వదిలేశాడు. ఇక వేట తిరగబడింది. కార్టర్ మనుషులు లిడ్‌కు తప్పించుకుంటే రాత్రి అక్కడా మీదపడ్డారు. ఊళ్ళో ఉంటే బతకరని అక్కడి మేయరు కొడుకే హెచ్చరించి పంపించాడు. తెల్లవారి రై వైపు పరుగు, వెనక యాభై మంది ఆయుధాలతో గుర్రాల మీద.

లిడ్‌లో చర్చి చాలా పెద్దది, ఊరు చాలా నిశ్శబ్దంగా ఉంది. చిప్స్ దుకాణంలో వేయించిన చేపా ఆలుగడ్డలూ తీసుకుని చర్చి గోడ మీద కూర్చుని తిన్నాం, నలుగురికీ కలిపి నలభై ఎనిమిది పౌండ్లు. చేప మా చేతికంటే పొడుగు. ఒక ముసలాయన కుక్కతో పోతూ ఆగి, ఎక్కడినుంచి వచ్చారని అడిగాడు. హైదరాబాద్ దగ్గర అన్నాం. "లిడ్‌కా?" అన్నాడు. మళ్ళీ ఒకసారి "లిడ్‌కా?" అని తల ఊపుకుంటూ పోయాడు.

అల్లుడు చాయ్ తాగుదామని ఆపిన చోట నాకింకో మనిషి గుర్తొచ్చాడు. ఉన్ని చట్టాలు రక్తంతో రాసినట్టున్నాయని 1776లో తిట్టిపోసిన అర్థశాస్త్రవేత్త ఆడమ్ స్మిత్ రెండేళ్ళు తిరగకుండానే స్కాట్లండ్‌లో కస్టమ్స్ కమిషనరయ్యాడు. నిషేధించిన సరుకుల జాబితా ముందేసుకుని చూస్తే తన మెడగుడ్డ, చేతి అంచులు, జేబురుమాలు దాదాపు అన్నీ నిషిద్ధమే! అన్నీ తగలబెట్టేశానని ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. తేయాకు సంగతి కూడా అంతే. 1784లో దాని మీద సుంకం 119 శాతం నుంచి పన్నెండున్నరకు దించారు, తేయాకు దొంగలు ఇంకో పని చూసుకున్నారు. ఉన్ని నిషేధం 1824లో పోయింది. ఆ తర్వాత ఔలర్ అనే మాటకు పనిలేదు. రేటు దగ్గర చేయాల్సిన పనిని గేటు దగ్గర చేయమంటే ఎవడు చేస్తాడు అని నేను సర్వీసంతా అనుకున్నాను, ఫైలు మీద మాత్రం ఎప్పుడూ రాయలేదు.

"నాయినా, లేట్ అయితుంది" అని అమ్మాయి పిలిస్తే లేచాం.

చివరికి కేంబర్. పొడవైన ఇసుక తీరం, పిల్లలు గాలిపటాలు ఎగరేస్తున్నారు. నేను పడమటి వైపు నది కలిసేచోటిదాకా నడిచాను. అవతలి ఒడ్డు రై రేవు, కేక వేస్తే వినపడేంత దూరం, వంతెన లేదు. పోటు తీసి ఉంది, మధ్యలో నీళ్ళు, ఇటూ అటూ నిగనిగలాడే బురద. కార్టర్ మనుషులు వచ్చి ఆగిపోయింది ఈ కొసనే. గుర్రాలను రేవు దాటించే వ్యవధి లేదు. వెనక డెక్కల చప్పుడు. ఓడల పడవలేవో దగ్గరికి వస్తే మనుషులు దూకి ఎక్కి ప్రాణాలతో రై చేరారు. గుర్రాలను ఇక్కడే వదిలేశారు.

మా ఆవిడ చెప్పులు చేతపట్టుకుని వచ్చి, "ఏం లెక్కవెడుతున్నవ్?" అంది.

గుర్రాలు, అన్నాను. వారంటు మీద పోయినప్పుడు వదిలేసిన గుర్రాలు, జీన్లతో సహా. వాటిని ఏ పద్దులో రాశారో, ఎవరి జీతంలోంచి కోశారో.

ఆవిడ నీళ్ళవైపు చూసి, "ఔలర్లు దోలుకపోయుంటరు. రాత్రికి ఉన్ని మోయనీకి అక్కరకొస్తయి గద" అంది.